కొండ మన్ను దొంగ

ఒకానొక రాజ్యంలో వాన చుట్టపుచూపుగా వచ్చేది. వచ్చినా స్థిమితంగా కూర్చునేది కాదు. దబదబా నాలుగు చినుకులు రాల్చి, కొండ మీద నుంచి పరుగున దిగి, మళ్లీ ఏడాది దాకా కనబడేది కాదు. ఆ రాజ్యం పేరేమిటని మాత్రం నన్ను అడక్కండి. చెప్పానంటే ఆ ఊరివాళ్లు కర్రలు పట్టుకుని నా ఇంటికొస్తారు, ఎందుకంటే ఈ కథ వాళ్ల రాజుగారి పరువుకు సంబంధించింది.

ఆ రాజు పేరు ఉద్దండరాయలు. మనసు వెన్నే, కాదనను. కానీ డాబు! అబ్బబ్బ, ఆ డాబు చెప్పనలవి కాదు. ఆయన తుమ్మితే భటులు బిరుదులు చదవాలి. ఆవలిస్తే సభంతా చిటికెలు వేయాలి. ఒకసారి భోజనం మధ్యలో పొలమారితే, ఎవరు తలచుకున్నారో కనుక్కు రమ్మని గుర్రాల మీద మనుషుల్ని పంపించాడట!

ఆయనకు రెండంటే పంచప్రాణాలు. ఒకటి, కొత్త కొత్త శాసనాలు చేసి దండోరా వేయించడం. రెండోది, కోట పెరట్లో, కొండ మొదట్లో కట్టించుకున్న స్నానాల కొలను. దాని నీళ్లు ఎంత తేటగా ఉండేవంటే, అడుగున పరిచిన నాపరాళ్ల అతుకులు కూడా కనబడేవి. అందులో మెడ దాకా దిగి, మీసం తడవకుండా కూర్చుని, పైన కొండ వంక చూస్తూ ఉండటం రాజుగారి దినచర్య.

ఆ కొలువులో పెంచలయ్య అని ఒక చమత్కారి ఉండేవాడు. రాజుగారికి కోపం వస్తే నవ్వించడం, పొగడ్తలు తలకెక్కితే మెల్లగా దించడం అతని పని. అతను పుట్టింది ఆ కొండకు అవతలి వైపునున్న బండపల్లెలో. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే మేనత్త సుంకులమ్మ కొర్రన్నం పెట్టి పెంచింది. నోటి దురుసు కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు. ఆ మాట తనే చెప్పుకునేవాడు.

ఒకనాడు ఉద్దండరాయలు పరివారంతో కొండెక్కాడు. వేటకని పేరు, నిజానికి పై నుంచి తన కోట ఎంత గొప్పగా ఉందో చూసుకుందామని. చూసుకున్నాడు, మురిసిపోయాడు, అవతలి వైపు దిగాడు. దారి సుంకులమ్మ చేలో నుంచి పోతుంది. రాళ్లకు గుర్రం దిగి, చేను నడిచి దాటి గట్టెక్కేసరికి ఆవిడ చేతికర్ర అడ్డం పెట్టింది.

"ఆగు సామీ. ఆ బండ మీద నిలబడి కాళ్లు దులుపుకోని పో."

పరివారం నోరు తెరిచింది. రాజుగారు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరితోనో అంటోందేమోనని. వెనక ఎవరూ లేరు.

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?" అన్నాడు.

"తెలీకేం సామీ. రాజువి. రాజు కాళ్లకైనా మన్ను అంటుకుంటాది గదా."

బండపల్లె ఆచారం అది. ప్రతి చేను గట్టునా ఒక దులుపుడు బండ ఉంటుంది. చేను దాటే ప్రతివాడూ, కొత్త పెళ్లికొడుకైనా సరే, దాని మీద నిలబడి, చెప్పులు విదిలించి, కాళ్లు దులుపుకుని మరీ కదలాలి. అక్కడున్నదంతా గరపనేల. పైన రాళ్లు, నడుమ జానెడు మన్ను, దాని కింద ఒకటే బండ. ఆ జానెడూ పోతే మళ్లీ పుట్టదని వాళ్ల భయం. ఆ ఊరి ఆడపిల్లను ఇంకో ఊరికిస్తే, అప్పగింతల వేళ కన్నీళ్లు తుడుచుకుంటూనే కాళ్లు దులిపించి బండి ఎక్కించేవాళ్లు!

పెంచలయ్య గబగబా ముందుకొచ్చి, "ప్రభూ, ఇది మా పల్లె ఆచారం..." అనబోయాడు.

"ఆచారమా?" రాజుగారి మీసాలు లేచాయి. "నేను, ఉద్దండరాయలను, చిటికెడు మన్ను దొంగిలిస్తానంటుందా! నన్ను దొంగ అంటుందా!"

"దొంగ అనలేదు సామీ. దులుపుకోమన్నా," అంది సుంకులమ్మ నిదానంగా.

రాజుగారు చేనంతా కలయజూశాడు. ఎటు చూసినా రాళ్లే. అడుగు వేస్తే రాయి, చూపు వేస్తే రాయి. రాళ్ల సందుల్లో నుంచి నిరుటి కొర్ర మోళ్లు తొంగి చూస్తున్నాయి. ఏటవాలుకు అడ్డంగా, మోకాలెత్తున రాతి కట్టలు వరసగా ఉన్నాయి.

"చూశావా అక్కిరాజూ!" అన్నాడు మంత్రితో. "చేలో రాళ్లు ఏరుకోలేని సోమరులు వీళ్లు. చిటికెడు మన్నుకు మాత్రం నా కాళ్లు దులిపిస్తారట!"

మంత్రి అక్కిరాజు రాజుగారికి బావమరిది. రాజుగారు ఔనంటే ఔననడం, కాదంటే కాదనడం తప్ప ఆయనకు వేరే రాజకార్యం తెలియదు. "సోమరులే ప్రభూ. శుద్ధ సోమరులు," అన్నాడు.

"ఆ రాళ్లు ఏరొద్దు సామీ," అని సుంకులమ్మ వంగి ఒక రాయి పక్కకు తిప్పింది. అంత ఎండలోనూ దాని కింద మన్ను నల్లగా, తడిగా ఉంది. "సూడు. రాయి గొడుగు పట్టుకోనుంది. అది లేకుంటే..."

రాజుగారు చూడలేదు. ఆయన చూపు అప్పటికే ఆకాశంలో ఉంది, కొత్త ఆలోచన వచ్చినప్పుడల్లా ఉండే చోట. "ఈ కొండ మీద రాళ్లన్నీ ఏరించేస్తాను. నున్నగా చేయిస్తాను. మామిడితోట వేయిస్తాను! ఈ పల్లెను ఖాళీ చేయించండి. ఎక్కడికైనా పొమ్మనండి," అని గుర్రమెక్కాడు. కాళ్లు దులుపుకోలేదు సరికదా, కావాలని చేలో ఇంకోసారి తొక్కి మరీ ఎక్కాడు.

సుంకులమ్మ మేనల్లుడి వంక చూసింది. ఆ చూపు పెంచలయ్యను దారి పొడవునా వెంటాడింది.

మర్నాడు కొలువులో పెంచలయ్య తిన్నగానే ప్రయత్నించాడు. "ప్రభూ, ఆ పల్లెవాళ్లు ఎక్కడికి పోతారు? తాతల నాటి నుంచీ..."

"పెంచలయ్యా!" అన్నాడు రాజుగారు. "ఆ రాళ్ల తరఫున ఇంకొక్క మాట మాట్లాడావంటే, వాటితో పాటు నిన్ను కూడా ఏరించి పారేయిస్తాను."

రాజు తలచుకుంటే దెబ్బలకు కొదువా! పెంచలయ్య నోరు మూసుకున్నాడు. అయితే అతను నోరు మూసుకున్నాడంటే బుర్ర తెరిచాడని అర్థం. కాసేపాగి, చిన్నగా నిట్టూర్చాడు. ఇంకాసేపాగి, పెద్దగా నిట్టూర్చాడు.

"ఏమిటా నిట్టూర్పులు?"

"ఏం లేదు ప్రభూ. ఆ ముసలిది తమర్ని మన్ను దొంగ అన్నట్టే మాట్లాడిందే, అది తలచుకుంటే కడుపు మండుతోంది."

"మండాలి మరి!"

"ఇంకోటి కూడా ప్రభూ. రేపటి నుంచి ఆ కొండ తమ సొంత తోట. ఆ మన్ను రాజమన్ను. దాన్ని ఎవడైనా ఎత్తుకుపోతే? పట్టుకోవడానికి శాసనమేదీ మనకు?"

శాసనం! ఆ మాట వినగానే ఉద్దండరాయలు సింహాసనంలో నిటారుగా కూర్చున్నాడు. కళ్లు మతాబుల్లా వెలిగాయి. "దండోరావాణ్ణి పిలవండి!" అని కేక పెట్టాడు.

దండోరావాడు డప్పుతో సహా వచ్చి నిలబడ్డాడు. రాజుగారు లేచి, గొంతు సవరించుకుని అందుకున్నాడు. "ఉద్దండరాయల కొండ మన్ను కొండ దిగరాదు! దిగిన మన్ను ఎవరి ఇంట దొరికితే వాడే దొంగ! సాకులు చెల్లవు! ఎలా వచ్చిందో ఎరగనంటే కుదరదు!"

"ఆహా!" అన్నాడు పెంచలయ్య. "మరి దొంగ ఏ మంత్రిగారో అయితే ప్రభూ?"

"మంత్రయినా సరే!"

అక్కిరాజు ఉలిక్కిపడి తన చెప్పుల వంక చూసుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మెల్లగా పాదాలు నేలకేసి రాశాడు.

"అంతకన్నా పెద్దవాడైతే?"

"అంతకన్నా పెద్దవాడా! ఎంతవాడైనా సరే! చట్టం ముందు ఉద్దండరాయలు ముఖం చూడడు!"

"ఇక శిక్ష ప్రభూ?"

రాజుగారికి శిక్షలు కల్పించడమంటే పిల్లలకు బెల్లం ముక్క దొరికినట్టే. సభ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. "ఆ దొంగ ఆ మన్నును తట్టకెత్తాలి. తన నెత్తినే పెట్టుకోవాలి. ముందు డప్పులు మోగుతుంటే ఊరందరూ చూస్తుండగా కొండెక్కి, ఎక్కడిదక్కడ పోసి, చెంపలు వేసుకోవాలి!"

"అద్భుతం! ఎవరి ముందు వేసుకోవాలి ప్రభూ, చెంపలు?"

"ఎవరి ముందేమిటి? ఆ ముసలిదాని ముందే! నన్ను అంటుందా! అసలు దొంగ ఎలా ఉంటాడో అది కళ్లారా చూడాలి!"

పెంచలయ్య తల గోక్కున్నాడు. "అయితే చిక్కొచ్చి పడిందే ప్రభూ. ఆవిడను వెళ్లగొడితే దొంగ ఎవరి ముందు చెంపలు వేసుకుంటాడు?"

రాజుగారు ఆగాడు. అంత చక్కని శాసనం చిన్న విషయంలో చెడిపోవడం ఆయనకు ఇష్టం లేదు. "సరే. తొలకరి దాకా ఆ పల్లెను ఉండనివ్వండి. ఈలోగా దొంగ దొరికాడా సరే, లేకపోతే పొమ్మనండి. ముందు కోట వైపు వాలులో రాళ్లు తీయించండి. మేడ మీద నుంచి నాకు కనబడేది అదే."

డప్పు మోగింది. దండోరా ఊరూరా తిరిగింది. పెంచలయ్య ఇంటికెళ్లి చాప మీద కూలబడ్డాడు. తొలకరి జోరుగా పడితే గెలిచాడు. సన్నగా, పద్ధతిగా, పేరంటానికొచ్చినట్టు పడి వెళ్లిపోతే? బండపల్లె పోయినట్టే. అందరి ఉసురూ అతని నెత్తిన.

రాళ్లు ఏరడం మొదలైంది. కోట వైపు వాలు మీద కూలీలు బారులు తీరారు. రాతి కట్టలు విప్పేశారు. తంగేడు, బలుసు, రేగు పొదల్ని వేళ్లతో పెకలించారు. బండ చీలికల్లోకి వేళ్లు దించుకుని, ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా కాసే సీతాఫలం చెట్లను కూడా కొట్టేశారు. కొండంతా అప్పుడే తిరుపతి నుంచి వచ్చిన గుండులా నున్నగా తయారైంది. రాజుగారు మేడ మీద నుంచి చూసి చప్పట్లు కొట్టాడు.

మామిడి అంట్లు నాటే తోటమాలుల అవస్థ వేరు. గడ్డపార వేస్తే జానెడు దిగి ఠంగుమంటుంది. పక్కన వేస్తే అక్కడా ఠంగే. అది రాజుగారికి చెప్పే మొనగాడు ఎవడు? మొక్కల్ని పైపైనే నిలబెట్టి, కర్రలు ఊతమిచ్చి, దణ్ణం పెట్టుకుని దిగి వచ్చారు.

ఆ వాలు మీదే సుంకులమ్మ పెనిమిటి బతికుండగా కట్టిన రాతికట్ట ఒకటుండేది. ఒక్కో రాయీ నెత్తిన మోసి, పేర్చి, దాని వెనక మన్ను నిలబెట్టి ఉలవచేను చేశాడు. ఆ కట్ట విప్పుతున్నారని తెలిసి ఆవిడ కొండ నెత్తికెక్కి వచ్చింది. అక్కడ కూలీల పక్కన మేనల్లుడు నిలబడి ఉన్నాడు.

"ఏందిరా పెంచలా ఇది?" అంది. "మీ మామ సేతుల్తో పెట్టిన రాళ్లురా అయ్యి. ఆ కట్ట మీద కూకోబెట్టి నీకు ముద్దలు పెట్టినానే. నీ కండ్ల ముందరే విప్పిస్తాండావా?"

"అత్తా, తొలకరి దాకా ఓపిక పట్టు."

"తొలకరికి మమ్మల్ని తరుముతారంట. అప్పటిదాకానా? పో. మళ్లా నా గడప తొక్కొద్దు."

ఏం చెబుతాడు? చెబితే ఆవిడ ఆనందం పట్టలేక పల్లెంతా చెబుతుంది, పల్లె చెబితే కోటకు తెలుస్తుంది. పెంచలయ్య పళ్ల బిగువున ఊరుకున్నాడు. ఆవిడ కనుమరుగయ్యాక మాత్రం ఒక రాయి మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. లోకాన్ని నవ్వించేవాడికీ ఏడుపొస్తుంది మరి.

ఎండలు ముదిరాయి. పెంచలయ్య రోజూ మేడెక్కి ఆకాశాన్ని చూడటమే పనిగా పెట్టుకున్నాడు. మబ్బు వచ్చేది, పోయేది. ఒకనాడు మధ్యాహ్నం, రాజుగారు భోంచేసి తాంబూలం వేసుకుంటుండగా, ఉన్నట్టుండి గాలి నిలిచిపోయింది. కొండ వెనక నుంచి కాటుక లాంటి మబ్బు లేచింది. ఒక్క ఉరుము! కోట తలుపులు దడదడలాడాయి.

"వస్తోంది! వస్తోంది!" అని పెంచలయ్య ఎగిరి గంతేశాడు.

"వానొస్తే నీకెందుకురా అంత సంబరం?" అన్నాడు రాజుగారు. కానీ ఆయనకూ సంబరమే. నున్నటి తన కొండ వానలో ఎలా మెరుస్తుందో చూద్దామని పీట వేయించుకుని మేడ మీద కూర్చున్నాడు.

చినుకు కాదు, ధార! ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. ముందు కొండ ఎర్రగా మెరిసింది. "అహా!" అన్నాడు రాజుగారు. తరువాత కొండ మీద ఎర్రటి గీతలు పడ్డాయి. "ఓహో!" అన్నాడు. ఆ గీతలు పాయలయ్యాయి, పాయలు కలిసి ఏరయ్యాయి. రాజుగారు ఇక ఏమీ అనలేదు. మామిడి మొక్క ఒకటి ఊతకర్రతో సహా నిలబడే జారుతూ వచ్చింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక తోటంతా! పెరటి ద్వారం గుండా బురదనీళ్లు గుర్రుమంటూ దూసుకొచ్చాయి. గుర్రాల పాకలో గగ్గోలు, వంటశాలలో కేకలు. వంటవాళ్లు గిన్నెల వెంట పరుగెత్తారు.

తాంబూలం నమిలేలోగా వాన వెలిసింది. చుట్టం వెళ్లిపోయాడు. ఎండ కాసింది.

ఉద్దండరాయలు కొండ వంక చూశాడు. కొండ మీద మన్ను లేదు. మొక్క లేదు. పై నుంచి కింది దాకా బోడి బండ, కడిగిన రోలులా తెల్లగా మెరుస్తోంది.

"నా మన్ను!" అని రంకె వేశాడు. "నా కొండ మన్ను ఏదీ? ఎవడెత్తుకుపోయాడు నా మన్ను?"

ఈ మాట కోసమే కదా పెంచలయ్య ఇన్నాళ్లూ ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నది! "దొంగతనం! దొంగతనం!" అని గొంతు చించుకున్నాడు. "ప్రభువుల మన్ను పోయింది! శాసనం ఉందిగా ప్రభూ! జాడ ఇంకా తడారలేదు, పదండి, పట్టుకుందాం!"

రాజుగారికి ఆవేశం పొంగింది. కత్తి దూశాడు. "పదండి!" అన్నాడు. ముందు రాజుగారు, వెనక అక్కిరాజు, వెనక భటులు, వాళ్ల వెనక డప్పు తడవకుండా నెత్తిన పెట్టుకుని దండోరావాడు. అందరూ ఎర్రటి బురద జాడ పట్టుకుని పరుగు. జాడ కొండ మొదలు దాటింది. గుర్రాల పాక పక్క నుంచి తిరిగింది. పెరటి ద్వారంలో దూరింది.

"దొంగ కోటలోనే ఉన్నాడు!" అని రాజుగారు గర్జించాడు. "ఎంత ధైర్యం!"

జాడ పూలతోట మధ్య నుంచి పోయి, పాలరాతి మెట్లు దిగి, ఆగిపోయింది. స్నానాల కొలను! ఉద్దండరాయలు మీసం తడవకుండా కూర్చునే కొలను! నీళ్లు కనబడటం లేదు. అంచుల దాకా చిక్కటి ఎర్ర మన్ను. మధ్యలో ఒక మామిడి మొక్క మాత్రం తలెత్తుకుని నిలబడి ఉంది, నాటినప్పటికంటే స్థిరంగా.

"సొత్తు దొరికింది," అన్నాడు పెంచలయ్య మెల్లగా. "ఈ ఇల్లు ఎవరిది ప్రభూ?"

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకున్నాక ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అక్కిరాజు గొంతు పెగుల్చుకున్నాడు. "ప్రభూ, ఇది వాన చేసిన పని. వానే దొంగ!"

"అదీ!" రాజుగారికి ప్రాణం లేచి వచ్చింది. "వానే దొంగ!"

"చిత్తం," అన్నాడు పెంచలయ్య. "అదే వాన కొండకు అవతల కూడా పడింది. దొంగ అక్కడేం ఎత్తుకెళ్లాడో చూసొస్తే నేరం రుజువవుతుంది. దయచేయండి."

కొండెక్కారు. బోడి బండ మీద జారుతూ, పడుతూ, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటూ ఎక్కారు. నెత్తికెక్కి అవతలికి చూసేసరికి రాజుగారు ఠక్కున ఆగిపోయాడు.

సుంకులమ్మ చేను చేనులాగే ఉంది. రాళ్లు తడిసి నల్లగా నిగనిగలాడుతున్నాయి. ప్రతి కట్ట వెనకా మన్ను తీరుబడిగా కూర్చుని ఉంది. కట్టల సందుల్లో నుంచి నీళ్లు సన్నగా కారుతున్నాయి, తేటగా, ఆయన కొలనులో ఒకప్పుడు ఉన్నంత తేటగా. పల్లెవాళ్లు అప్పుడే విత్తనాల బుట్టలతో బయల్దేరుతున్నారు.

రాజుగారు ఏమనుకున్నాడో, కత్తి ఒరలో పెట్టి వంగాడు. ఒక రాయిని ఎత్తబోయాడు. ఆ రాయి ఎగువన దోసెడు మన్ను ఆనుకుని ఉంది. రాయి కదలగానే ఆ దోసెడూ జారి ఆయన వేళ్ల మధ్య నుంచి పల్లానికి పోయింది. ఆయన చప్పున రాయిని ఉన్నచోటే పెట్టేశాడు.

"ప్రభూ," అన్నాడు పెంచలయ్య. "వాన ఏటా వచ్చే దొంగే. అందుకే వీళ్ల తాతలు ప్రతి దోసెడు మన్నుకూ ఒక కాపలావాణ్ణి పెట్టుకున్నారు. అటు వైపు కూడా పెట్టారు. దొంగ వచ్చేముందు అక్కడ కాపలావాళ్లందరినీ ఏరి పంపించేసిందెవరో, సొత్తు ఎవరింట దొరికిందో తమరే సెలవియ్యాలి."

ఆ మాట అనేశాక పెంచలయ్య చెయ్యి తనంతట తానే మెడ మీదికి పోయింది. ఇన్నాళ్లూ వాన గురించి భయపడ్డాడే గానీ, ఈ క్షణం గురించి ఆలోచించలేదు. రాజుగారి ముఖం ఎర్రబడింది. మీసాలు వణికాయి. అక్కిరాజు కళ్లు మూసుకున్నాడు.

అప్పుడు రాజుగారి పొట్ట ఊగింది. ముందు పొట్ట, తరువాత భుజాలు, ఆ తరువాత మీసాలు. పకపకా, విరగబడి, కొండ మారుమోగేలా నవ్వాడు.

"ఎంతవాడైనా సరే అన్నాను కదరా!" అన్నాడు కళ్లనీళ్లు తుడుచుకుంటూ. "సాకులు చెల్లవన్నదీ నేనే! దొంగా! ఆ రోజు నా చేతనే నా నెత్తికి తట్ట కొలత తీయించావు గదరా!"

"కొలత తమరిదే ప్రభూ. నేను పక్కన నిలబడ్డానంతే."

"తట్ట తెప్పించండి!" అన్నాడు ఉద్దండరాయలు.

"ప్రభూ, వద్దు, నేను మోస్తాను," అని అక్కిరాజు అడ్డం పడ్డాడు.

"నువ్వూ మోస్తావు. అందరూ మోస్తారు. ముందు నేను."

ఆ రోజు ఆ రాజ్యంలో జరిగిన ఊరేగింపు మళ్లీ జరగలేదు. డప్పులు మోగుతున్నాయి. కోటకు తిరిగొచ్చి, కిరీటం తీసి పక్కన పెట్టి, చుట్టకుదురు మీద కొలను బురద తట్టతో ఉద్దండరాయలు నడిచాడు. ఆయన ఏం చేసినా గొప్పగా చేయాలి కదా, తట్ట కూడా నిండుగా ఎత్తించుకున్నాడు. మీసాల మీదికి ఎర్రనీళ్లు కారుతుంటే ఆయనే నవ్వుకున్నాడు. వెనక కొలువంతా తట్టలతో. ఊరంతా వీధుల్లోకి వచ్చి చూసింది. తట్ట మన్ను మొదటి బండ పక్కన పోసి, అవతలికి దిగి, సుంకులమ్మ ముందు నిలబడి రెండు చెంపలూ వేసుకున్నాడు.

"తప్పయింది అవ్వా. మన్ను దొంగను నేనే."

రాజు వెనక బురద తట్టతో నిలబడ్డ మేనల్లుణ్ణి సుంకులమ్మ అప్పుడు చూసింది. సంగతి అర్థమయ్యేసరికి ఆవిడ కళ్లు నిండాయి. "తొలకరి దాకా ఆగమన్నది ఇందుకా రా, సచ్చినోడా!" అని అతని నెత్తిన ఒక్క మొట్టికాయ వేసి, అక్కడే కావలించుకుంది.

రాజుగారు అక్కడే ఆజ్ఞాపించాడు. బండపల్లె బండపల్లెవాళ్లదే, తరతరాలకూ. ఏరిన రాళ్లన్నీ తిరిగి కొండెక్కాలి. కొలనులోని మన్నంతా పైకి చేరేదాకా తనూ మోస్తాడు గనక కొలువులో సింహాసనం ఖాళీ. ముందుగా పేర్చాల్సింది సుంకులమ్మ పెనిమిటి కట్ట. ఏ రాయి ఎక్కడ పెట్టాలో ఆవిడ చెబుతుంది, మంత్రి అక్కిరాజు పెడతాడు!

పెంచలయ్యను దగ్గరికి పిలిచి, తన చేతి బంగారు కడియం తీసి అతని చేతికి తొడిగాడు. "నా కొలువులో నన్ను పొగిడేవాళ్లకు కొదవ లేదు. నా చేత తట్ట మోయించినవాడివి నువ్వొక్కడివే. ఇంకేం కావాలో కోరుకో."

"మా అత్త గడప తొక్కనిస్తే చాలు ప్రభూ," అన్నాడు పెంచలయ్య.

"రారా, కొర్రన్నం పెడతా," అంది సుంకులమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

పొద్దు వాలింది. రాజుగారు తిరిగి వెళ్లడానికి చేను దాటి గట్టు దగ్గరికొచ్చాడు. గుర్రం సిద్ధంగా ఉంది. ఎక్కబోయి ఆగాడు. ఎవరూ కర్ర అడ్డం పెట్టలేదు, ఎవరూ ఏమీ అనలేదు. ఉద్దండరాయలు తనంతట తానే దులుపుడు బండ మీదికెక్కి, చెప్పులు విప్పి ఒకదానికొకటి కొట్టి, ఒంటికాలి మీద తూలుతూ కుడి కాలు దులిపాడు, ఎడమ కాలు దులిపాడు.

"చూసుకో అవ్వా," అన్నాడు మీసం తిప్పుతూ. "నీ మన్ను నీకే వదిలేశాను."

సుంకులమ్మ దగ్గరికొచ్చి, వంగి, పరకాయించి చూసింది.

"ఆ ఎడమ కాలి వేళ్ల సందున ఇంకొంచెం ఉండాది సామీ," అంది.

రాజుగారు పడీపడీ నవ్వి, మళ్లీ వంగి ఆ కాస్తా దులిపాడు. ఆయన వెనక చెప్పులు చేత్తో పట్టుకుని, బండ ఎక్కడానికి తమ వంతు కోసం కొలువంతా బారులు తీరి నిలబడి ఉంది. అందరికంటే ముందు మంత్రి అక్కిరాజు.